ఆమె జీతం బియ్యానికి, ఆయన జీతం ఫ్లాటుకి

మా ఫ్రెండు ఒకడు ఫోన్ చేసి, "నువ్వు ఎక్సెల్లో పులివి కదరా, ఒక చిన్న సాయం చెయ్యాలి" అన్నాడు. ఏ ఆఫీసు రిపోర్టో అనుకున్నాను. తీరా చూస్తే తొమ్మిదేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు! వాడూ వాళ్ళావిడా విడాకులు తీసుకుంటున్నారు. ఇద్దరూ మనలాగే సాఫ్ట్‌వేరే. మియాపూర్లో ఫ్లాటు ఉంది, వాడి పేరు మీద. ఆ ఫ్లాటుకి మొత్తం తనే కట్టానని లాయరుకి చూపించాలట. దానికి నేను షీటు తయారు చెయ్యాలి.

చేశాను. (స్నేహితుడు అడిగితే కాదనలేం కదా.) రెండు రాత్రులు కూర్చుని అంతా వరసలో పెట్టాను. వాడు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజమే. డౌన్ పేమెంటు వాడి ఖాతాలోంచే వెళ్ళింది. ప్రతి నెలా ఈఎంఐ వాడి ఖాతాలోంచే వెళ్ళింది. లోను వాడి పేరు, రిజిస్ట్రేషన్ వాడి పేరు.

అయితే ఊరికే ఉండక వాళ్ళావిడ ఖాతా కూడా పక్కనే ఒక కాలంలో వేశాను. కిరాణా, కరెంటు బిల్లు, పనమ్మాయి జీతం, పాప స్కూలు ఫీజు, అత్తగారి మందులు, పండక్కి ఊరెళ్ళే టిక్కెట్లు. అన్నీ అందులోంచే. మధ్యలో రెండేళ్ళు ఆ ఖాతాలోకి జీతం రాలేదు, పాప పుట్టినప్పుడు. మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు జీతం మొదలైంది, కాకపోతే పాత జీతం కంటే తక్కువకి.

ఆ రెండు కాలాలూ పక్కపక్కన చూస్తే ఒక విషయం తట్టింది. ఆమె డబ్బు ఖర్చయిపోయే చోటుకి వెళ్ళింది. వీడి డబ్బు మిగిలే చోటుకి వెళ్ళింది. ఆమె కిరాణా కట్టబట్టే వీడు ఈఎంఐ కట్టగలిగాడు. కానీ తిన్న బియ్యానికి రిజిస్ట్రేషన్ ఉండదు కదండీ!

ఇందులో వాడి కుట్ర ఏమీ లేదు. పెళ్ళయిన కొత్తలో "లోను నా పేరు మీద తీసుకుంటాను, ఇంటి ఖర్చు నువ్వు చూసుకో" అని ఇద్దరూ అనుకున్న ఏర్పాటే. మన ఇళ్ళల్లో సగం ఇళ్ళు ఇలాగే నడుస్తున్నాయి. మా ఇల్లు కూడా. (దాని గురించి చివర్లో చెప్తాను.)

సరే, ఆ షీటు పంపించేసి, మనసు బాగోక, శని ఆదివారాలు కలిసొస్తే వైజాగ్ వెళ్ళి కిరండూల్ ప్యాసింజరెక్కాను. అందరూ బొర్రా గుహలకో అరకుకో వెళ్తారు, నేను టైడాలో దిగిపోయాను. శివలింగపురం దాటాక ఘాట్ మధ్యలో వచ్చే చిన్న స్టేషను. దిగేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. చుట్టూ కొండలు, చెట్లు, సొరంగాలు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడతో మాటల్లో పడ్డాను. పక్కనే ఆవిడ కూతురు పనసకాయ కోస్తోంది. "అత్తోరిల్లు ఎక్కడమ్మా?" అని మర్యాదకి అడిగాను. తల్లే సమాధానం చెప్పింది. "ఇడిసిపెట్టీసి ఒచ్చీసింది బాబూ. ఆడు ఇంకోదాన్ని తెచ్చుకున్నాడు. పెద్దమనుషులు కూకొని తెంపీసినారు."

నేను నోరు తెరిచాను. కోర్టు? లాయరు? వాయిదాలు? ఏమీ లేవు. పెద్దలు కూర్చున్నారు, తప్పు అటు వైపు ఉంది కాబట్టి పెళ్ళప్పుడు ఇచ్చిన ఓలి వెనక్కి ఇవ్వక్కర్లేదన్నారు. తన గిన్నెలూ మేకలూ తను తోలుకొచ్చేసింది. అయిపోయింది. (మైదానంలో మనం ఆడపిల్లవాళ్ళ చేత కట్నం ఇప్పిస్తాం, అక్కడ మగపిల్లవాడి వాళ్ళు ఓలి ఇస్తారు. ఎవరు నాగరికులో మీరే తేల్చుకోండి :))

"మరి భూమి?" అన్నాను. మన బుర్ర అక్కడే తిరుగుతోంది కదా.

"జీడిమామిడి తోట ఉంది బాబూ. మొక్కలు మా పిల్లే నాటింది. గవర్నమెంటోళ్ళు ఇచ్చిన పట్టాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కాయితం మా పిల్ల దగ్గరుంది, తోట ఆడి దగ్గరుంది. కాయితానికి జీడిపిక్కలు కాయవు కదా!"

ఈ ఒక్క మాట పట్టుకుని తిరుగు రైలెక్కాను. వైజాగ్ వచ్చేదాకా అదే ఆలోచన. అది ఒక ఇంటి కథే, అన్ని తెగల ఆచారమూ అదేనని నేను అనను. కానీ ఇంటికొచ్చి చట్టాలు తిరగేస్తే కొన్ని ఆశ్చర్యకరమైన సంగతులు తెలిశాయి.

మొదటిది. 1955 నాటి హిందూ వివాహ చట్టం గిరిజనులకి వర్తించదు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప, అని సెక్షన్ 2లోనే రాసి ఉంది. 1956 నాటి వారసత్వ చట్టంలోనూ అదే మాట. అంటే వాళ్ళ పెళ్ళీ, విడాకులూ, వారసత్వమూ ఆచారం ప్రకారం నడుస్తాయి. ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చేసిన సవరణా (1985 సెప్టెంబరు నుంచి), దేశమంతటికీ వచ్చిన 2005 సవరణా వాళ్ళ గడప తొక్కలేదు. ఈ తేడా సరికాదు, చట్టం మార్చే సంగతి ఆలోచించండి అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకి వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు చెయ్యనప్పుడు సమానంగా ఇవ్వాల్సిందేనని తీర్పిచ్చింది.

రెండోది. ఆ పట్టా సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ఏం చెప్తుందంటే, పోడు భూమి మీద హక్కు పెళ్ళయినవాళ్ళకి ఇస్తే భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడిగా నమోదు చెయ్యాలి. "చెయ్యొచ్చు" కాదు, "చెయ్యాలి". పిల్లలకి వారసత్వంగా వెళ్తుంది, కానీ అమ్మడానికి వీల్లేదు.

ఒక్కసారి ఆలోచించండి. కొండమీద చోళ్ళు, సామలు పండించుకునే జంటకి పార్లమెంటు ఇచ్చిన హామీ, గచ్చిబౌలిలో ఇద్దరూ లక్షల జీతాలు తీసుకునే జంటకి లేదు! వాళ్ళ కష్టం ఇద్దరిదీ అని చట్టం ముందే ఒప్పేసుకుంది. మన కష్టం మాత్రం సేల్ డీడ్ మీద ఎవరి పేరుంటే వాళ్ళది.

మీరు అడగొచ్చు, విడాకులప్పుడు కోర్టు ఆస్తి పంచదా అని. నేనూ పంచుతుందనే అనుకునేవాణ్ణి, అమెరికా కబుర్లు విని విని. హిందూ వివాహ చట్టంలో ఆస్తి గురించి ఉన్నది సెక్షన్ 27 ఒక్కటే. అదీ పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల గురించి. వెండి కంచాలూ, ఫ్రిజ్జూ అన్నమాట. పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళు సంపాదించినదాన్ని ఇలా పంచాలి అనే సూత్రమే మనకి లేదు. స్త్రీధనం ఆమెది, సరే. ఆమె పేరు మీద ఉన్నది ఆమెది, సరే. మిగతాది?

మిగతాదానికి మన దగ్గర ఉన్న ఒకే ఒక్క పరికరం భరణం. కేసు నడుస్తున్నప్పుడు సెక్షన్ 24, తెగాక సెక్షన్ 25. (ఈ రెండూ భర్త కూడా అడగొచ్చు, చాలామందికి తెలీదు.) అన్ని మతాలవాళ్ళకీ ఉండే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125, 2024 జులై నుంచి కొత్త సంహితలో 144 అయింది. ఆ 125 కింద 2001 దాకా నెలకి 500 రూపాయలకి మించి ఇవ్వడానికి వీల్లేదంటే నమ్ముతారా!

ఇప్పుడు పరిమితి లేదు, కానీ సూత్రమూ లేదు. భర్త నికర జీతంలో 25 శాతం సబబని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంటే, మన క్యాంటీన్లో అందరూ అదే రూలని చెప్పేస్తుంటారు. అది రూలు కాదు. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో కొంత పద్ధతి వచ్చింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు అఫిడవిట్‌లో పెట్టాలి, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి భరణం లెక్క కట్టాలి అన్నారు. 2024 డిసెంబరులో మరో కేసులో చూడాల్సిన అంశాలు ఎనిమిది చెప్పారు: ఇద్దరి స్థితిగతులు, చదువు ఉద్యోగాలు, కుటుంబం కోసం వదులుకున్న ఉద్యోగం వగైరా. అదే నెలలో ఇంకో తీర్పు. బాగా ఆస్తిపరుడైన భర్త. ఆస్తిలో అతనితో సమానం చెయ్యమని అడగడానికి భరణం కాదు అంటూ కోర్టు 12 కోట్లు ఇప్పించింది.

ఆ మాట న్యాయమే. భరణం ఆస్తి పంపకం కాదు. కానీ పంపకానికి వేరే దారి ఉంటే కదా!

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఒకటి: కలిసి ఉన్నన్నాళ్ళూ కలిసి కూడబెట్టింది ఎవరిది? ఇది హక్కు. రెండోది: విడిపోయాక తన కాళ్ళ మీద తను నిలబడలేని మనిషికి ఎంతకాలం సాయం చెయ్యాలి? ఇది అవసరం. మొదటి ప్రశ్నకి మన దగ్గర చట్టం లేదు కాబట్టి, దాని బరువంతా రెండోదాని నెత్తిన పడుతోంది. ఒకే ఫంక్షన్‌లో రెండు పనులు కుక్కితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఏ బగ్గు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

మా ఫ్రెండు విషయంలో అదే జరిగింది. చివరికి ఇద్దరి అంగీకారంతో విడాకులయ్యాయి, వాడు ఏకమొత్తంగా కొంత ఇచ్చాడు. వాడేమో "నా కష్టార్జితం దోచుకుపోయింది" అంటాడు. ఆమె మా ఆవిడతో అన్నదట, "నా ఇంట్లో నా వాటాకి నేను చెయ్యి చాపాల్సొచ్చింది, ముష్టి అడిగినట్టు అనిపించింది" అని. డబ్బు అదే. పేరు భరణం కాబట్టి ఇచ్చినవాడికి జరిమానాలా, తీసుకున్నామెకి బిచ్చంలా కనిపించింది. వాటా అని పేరుంటే ఇద్దరూ తలెత్తుకుని సంతకం పెట్టేవాళ్ళు.

మగవాళ్ళ బాధ నాకు తెలీక కాదు. 2024 డిసెంబరులో బెంగళూరులో మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరే ఒకతను విడాకుల కేసుల మధ్య ప్రాణం తీసుకున్నప్పుడు మా ఆఫీసులో వారం రోజులు అదే చర్చ. తనూ సమానంగా సంపాదిస్తూ జీవితాంతం భరణం అడిగితే నేనూ ఒప్పుకోను. కానీ గమనించండి, రెండు ప్రశ్నలూ విడదీస్తే మొదట బాగుపడేది ఆ భర్తే. ఎంతివ్వాలో ముందే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి బేరాలుండవు. కేసుల మీద కేసులు వేసి అంకె పెంచే అవసరం ఉండదు. జాలి కథలూ, దుర్మార్గుడి కథలూ చెప్పక్కర్లేదు, లెక్క చూస్తే చాలు.

ఇది గాల్లోంచి తెచ్చిన ఆలోచన కూడా కాదు. మనవాళ్ళు గుంపులుగా ఉండే కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్ మూడూ దంపతుల ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉన్న రాష్ట్రాలే. పెళ్ళయ్యాక ఎవరు సంపాదించినా అది ఇద్దరిదీ. కాలిఫోర్నియాలో చెరి సగం, మిగతా రెండింటిలో న్యాయంగా తోచినట్టు. కంపెనీ ఇచ్చే షేర్లు కూడా లెక్కలోకొస్తాయి. శాన్‌హోసేలో ఉన్నన్నాళ్ళూ ఇద్దరిదీ అయిన సంపాదన, ట్రాన్స్‌ఫరై హైదరాబాదులో దిగాక ఒక్కడిది ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. అంతదూరం ఎందుకు, మన దేశంలోనే గోవాలో పోర్చుగీసు వాళ్ళ కాలం నుంచీ ఉమ్మడి ఆస్తి పద్ధతి ఉంది.

మన పార్లమెంటు కూడా ఒకసారి గుమ్మం దాకా వచ్చింది. భర్త స్థిరాస్తిలోంచి భార్యకి కొంత ఇప్పించే వివాహ చట్టాల సవరణ బిల్లుని 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో తేలకుండానే 2014లో సభ రద్దయింది, బిల్లూ పోయింది. 2023 జూన్లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భర్త గల్ఫులో సంపాదిస్తే ఇక్కడ ఇల్లు నడిపిన భార్య కష్టం కూడా ఆ ఆస్తిలో ఉంది, సగం ఆమెదే అంది. మంచి తీర్పే. కానీ ఒక్కో మనిషీ హైకోర్టు దాకా వెళ్ళి తన వంటగది విలువ రుజువు చేసుకోవాలా?

నా లెక్క ఇది. పెళ్ళయిన రోజు నుంచి విడిపోయిన రోజు దాకా ఇద్దరిలో ఎవరు సంపాదించినా ఇద్దరిదీ. ఫ్లాటు, పీఎఫ్, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అన్నీ. అప్పులు కూడా! (వాటా కావాలి, లోను వద్దంటే కుదరదు.) తాతల ఆస్తి, పెళ్ళికి ముందరిది, పుట్టింటివాళ్ళు ఇచ్చింది ఎవరిది వాళ్ళకే. ఆర్నెల్ల కాపురానికి అంత లెక్క అక్కర్లేదు, జడ్జిగారు తగ్గించొచ్చు, కారణం రాయాలి. ఇవన్నీ తేలాక, ఇంకా ఒకరికి గడవదు అనుకుంటే అప్పుడు భరణం, అవసరం ఉన్నంతకాలం. పిల్లల ఖర్చు వీటన్నిటికంటే ముందు, వేరేగా.

"ఎక్కువ సంపాదించినవాడికి అన్యాయం కదా" అంటారా? మా ఫ్రెండు షీటు మళ్ళీ చూడండి. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఇష్యూ వస్తే వీడు కాల్‌లో కూర్చోగలిగాడంటే, పక్క గదిలో జ్వరంతో ఉన్న పాపని ఇంకొకరు ఎత్తుకుని తిరుగుతున్నారు కాబట్టి. వీడి ప్రమోషన్లో ఆమె ఆగిపోయిన రెండేళ్ళున్నాయి. కోడ్ చెక్-ఇన్ వాడి పేరు మీద ఉన్నంత మాత్రాన పని వాడొక్కడే చేసినట్టు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇక టైడా దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడి కథ మన గొప్పకి చెప్పుకునే ఉదాహరణ కాదు. అక్కడ పేర్లు రెండున్నాయి, దారి మాత్రం లేదు. ఉమ్మడి పేరు పెట్టమన్న చట్టం, ఆ ఇద్దరూ విడిపోతే ఏమిటన్నది చెప్పలేదు. భూమి అమ్మకూడదు కాబట్టి అమ్మి పంచుకోలేరు. (అమ్మకూడదనేది ఉండాల్సిందే. 1/70 చట్టం లేకపోతే ఆ కొండల్లో గిరిజనులకి గజం కూడా మిగిలేది కాదు. 1997 నాటి సమతా తీర్పు పుట్టింది ఇదే అనంతగిరి మండలంలో బొర్రా గనుల గొడవలోంచి.) ఆమె పుట్టింటికి వచ్చేసింది, అతను అక్కడే ఉన్నాడు. పంట ఎవరు కోసుకుంటే వాళ్ళది.

భరణం కేసు వెయ్యొచ్చు కదా అంటారేమో. 144 ఆమెకీ వర్తిస్తుంది. కానీ ఎవరి జీతంలోంచి? అతనికి పే స్లిప్పు లేదు, బ్యాంకు ఖాతాకి నెలనెలా ఏమీ రాదు. వాయిదాకి ఘాట్ దిగి వెళ్ళాలంటే ఆ రోజు కూలి పోతుంది. మనకి జీతం ఉంది, వాటా లేదు. వాళ్ళకి వాటా ఉంది, జీతం లేదు. నెలసరి భరణం అనేది జీతగాళ్ళ ప్రపంచానికి కుట్టిన చొక్కా. ఆ పిల్లకి దక్కగలిగేది ఏదైనా ఉంటే అది ఆ చెట్ల మీద సగం కాపే. కాబట్టి చట్టంలో ఇంకో రెండు వాక్యాలు కావాలి: విడిపోయినా పేరు పోదు, సాగు చేసేవాళ్ళు రెండోవాళ్ళకి పంటలో భాగం ఇవ్వాలి, లేదా భూమిని రెండు ముక్కలుగా కొలిచి ఇవ్వాలి. ఓలి లెక్క అంత చక్కగా తేల్చిన పెద్దమనుషులు ఇదీ తేల్చగలరు, అడిగే హక్కు ఆమెకుందని ఎవరైనా చెప్తే.

చట్టం ఎప్పుడొస్తుందో తెలీదు. అందాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. కొనేటప్పుడే ఇద్దరి పేర్లూ పెట్టించండి. ఈఎంఐ ఒకరు, కిరాణా ఒకరు కాకుండా రెండూ ఒకే ఉమ్మడి ఖాతాలోంచి కట్టండి. "నమ్మకం లేదా?" అని అడిగితే, నమ్మకం ఉన్నప్పుడే రాసుకోవాలని చెప్పండి, లేనప్పుడు ఎవరు రాస్తారు!

చివర్లో చెప్తానన్న సంగతి. మా ఫ్లాటు కాగితాలు తీసి చూశాను. ఒకటే పేరు, నాది. మా ఆవిడతో, "నీ పేరు కూడా చేర్పిద్దాం, బ్యాంకు వాళ్ళని అడుగుతాను" అన్నాను. ఏదో గొప్ప త్యాగం చేస్తున్నట్టు ముఖం పెట్టుంటాను. తను పాప జడ వేస్తూ తలెత్తకుండానే, "ఇన్నాళ్ళూ నాది కాదనుకున్నావా?" అంది.

నిజం చెప్పొద్దూ, సమాధానం దొరకలేదు. లోను ఉన్నంతకాలం బ్యాంకు ఒప్పుకోవాలట, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు, స్టాంపు డ్యూటీ. సోమవారం సెలవు పెట్టాను.